తెల్ల రాళ్ళ మీద తీతువు

మా ఆయన పిట్టలు చూసే చోటికి వెళ్ళాలంటే సమాధుల తోట దాటి వెళ్ళాలి. వేరే దారి లేదు. షామ్‌బర్గ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ నుంచి పడమటికి అరగంట డ్రైవ్. పెద్ద ఇనప గేటు, రెండు పక్కలా పాతకాలం సమాధులు, మధ్యలో తారు రోడ్డు. రోడ్డు చివర కొత్త వరసలు, వాటి వెనక కంచె, కంచెలో చిన్న చెక్క గేటు. ఆ గేటు అవతల ఆయన లోకం, ఇవతల నాది. ప్రతి శనివారం పొద్దున్నే ఇద్దరం ఒకే కార్లో వచ్చేవాళ్ళం. కారాపగానే ఆయన మెడలో బైనాక్యులర్స్ తగిలించుకుని, కుడిపక్కకి చూడకుండా గబగబా ఆ చెక్క గేటు దాటి వెళ్ళిపోయేవాడు. కుడిపక్క మూడో వరసలో మా పాప ఉంది.

నేను పాప దగ్గర కూర్చునేదాన్ని. కాసేపు ప్రార్థన చేసుకునేదాన్ని, కాసేపు ఊరికే గడ్డి పీకుతూ కూర్చునేదాన్ని. ఎండెక్కినా ఆయన రాకపోతే కారెక్కి హారన్ కొట్టేదాన్ని. మామూలుగా కాదు, చెయ్యి తియ్యకుండా. సమాధుల తోటలో హారన్ కొట్టకూడదని నాకూ తెలుసు. కంచె అవతల పిట్టలన్నీ ఒక్కసారిగా లేచేవి. వాటి వెనక ఈయన వచ్చేవాడు, బూట్ల నిండా బురదతో.

"అంత హారన్ ఎందుకే, వస్తున్నాగా" అనేవాడు.

"చచ్చినవాళ్ళకి లేని ఇబ్బంది మీ పిట్టలకొచ్చిందా?" అనేదాన్ని.

ఇంటికి చేరేదాకా మళ్ళీ మాటలుండేవి కాదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది, అందులో అబద్ధమేం లేదు. కానీ కన్నకూతురు సమాధి పక్కనుంచి తల తిప్పుకుని పోయే మనిషి మీద కోపం రాకపోతే ఇంకెవరి మీద వస్తుంది?

పాప నెలలు నిండకుండా పుట్టింది. పొద్దున పుట్టి, చీకటి పడేలోపు పోయింది. అందుకే రాతి మీద పేరు కింద ఒక్కటే తేదీ ఉంటుంది. ఆ రాయి చేసే అతను ఫోన్లో రెండో తేదీ చెప్పమంటే మా ఆయన "సేమ్" అన్నాడు. ఆ ఒక్క మాట అని, ఫోన్ నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మిగతా వివరాలన్నీ నేనే చెప్పాను. ఆ తర్వాత మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు.

మట్టి చేసిన రోజు పాస్టర్ గారు ప్రార్థన ముగించాక సంఘం వాళ్ళంతా ఒక్కొక్కరే నా భుజం మీద చెయ్యి వేసి కార్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఆ మట్టి పక్కనే కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే ఈయన లేడు. చాలాసేపటికి ఆ చెక్క గేటులోంచి వచ్చాడు. కొత్త ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. నా పక్కన నిలబడి, "లోపల కొంగలున్నాయి" అన్నాడు. ఓదార్పు మాట ఒక్కటి కూడా లేదు, కొంగలున్నాయంట. ఆ మాట నాకు ఎన్నేళ్ళయినా మంటగానే ఉండిపోయింది.

అంతకుముందు ఆయనకి పిట్టల ధ్యాసే లేదు. కాకికీ గోరింకకీ తేడా తెలిస్తే గొప్ప. క్రికెట్ తప్ప కన్నార్పకుండా చూసింది ఇంకోటి నాకు గుర్తులేదు. ఆ వసంతం నుంచి మొదలైంది పిచ్చి. బైనాక్యులర్స్ కొన్నాడు, తర్వాత ఇంకా మంచివి కొన్నాడు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాడు. ఫోన్లో పిట్టల కూతలు పెట్టుకుని అన్నం తింటూ వినేవాడు. ఆ కంచె అవతలి నేలని ఇక్కడివాళ్ళు ఫెన్ అంటారని, అడుగునుంచి చల్లటి నీళ్ళు ఊరుతూ ఉంటాయి కాబట్టి ఎంత ఎండాకాలమైనా ఆ చిత్తడి ఆరదని ఆయనే చెప్పేవాడు. ఆ తడి నేల మధ్యలో కంకర దిబ్బలున్నాయని, వాటిమీద పొట్టి పొదలు, బీడు గడ్డి తప్ప ఏమీ మొలవవని, తడి పిట్టలు ఒక రకం, దిబ్బ పిట్టలు ఇంకో రకమని కూర కలుపుకుంటూ చెప్పుకుపోయేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని కాదు. ఒక్కసారి కూడా ఆ గేటు దాటలేదు.

మా ఊళ్ళో ఈస్టర్ అంటే సమాధుల తోటకి సున్నం వేసే పండుగ. మాది కోస్తాలో కాలవ పక్క ఊరు. పండుగకి ముందు మగపిల్లలు బకెట్లలో సున్నం కలుపుకుని వెళ్ళి ఎవరి పెద్దల సమాధులకి వాళ్ళు తెల్లగా పూసేవాళ్ళు. తెల్లారకముందే కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని అందరం పాటలు పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. చీకట్లో ఆ తెలుపు దూరంనుంచే కనపడేది. పాప పోయాక వచ్చిన మొదటి ఈస్టర్‌కి నాకు అదొక్కటే తోచింది. హార్డ్‌వేర్ స్టోర్‌కి వెళ్ళి తెల్ల పెయింట్ డబ్బా, బ్రష్షు కొన్నాను. ఇక్కడి రాయి మన సమాధిలా పైకి లేచి ఉండదు. గడ్డి కోసే మిషన్ మీదనుంచి పోవడానికి వీలుగా నేలకి సమానంగా పరిచి ఉంటుంది. నున్నటి బూడిదరంగు గ్రానైట్. దానికి రెండు పూతలు పెయింట్ వేశాను. మల్లెపువ్వులా వచ్చింది. ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను.

మళ్ళీ శనివారం వెళ్ళేసరికి రాయి ఎప్పటిలా బూడిదరంగులో ఉంది. తోట చూసుకునే ముసలాయన తన చిన్న బండి ఆపి, టోపీ తీసి, ఎవరో వెధవలు మీ పాప రాయిని పాడుచేశారమ్మా, మేం శుభ్రం చేశాం, ఇలా జరిగినందుకు చాలా సారీ అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ వెధవని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. థాంక్యూ అన్నాను. కార్లో మా ఆయనకి చెప్తే ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. పాప పోయాక ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే. అక్షరాల గుంటల్లో మాత్రం తెలుపు వదల్లేదు, ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా తెలుగు సంఘం మొత్తానికి ఈ దేశంలో ఉన్న సమాధి మా పాపదొక్కటే. అందరి పెద్దలూ గుంటూరులోనో, ఏలూరులోనో, నరసాపురంలోనో ఉన్నారు. ఆ మొదటి ఈస్టర్‌కి తెల్లారుజామున మాకు తోడుగా కొందరు వచ్చారు. మా పాపకి కొవ్వొత్తి వెలిగించాక తెనాలి ఆంటీ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏమనుకోకమ్మా, మా అమ్మకి కూడా ఒకటి ఇక్కడే పెట్టుకోనా?" అని అడిగింది. పెట్టుకోండి ఆంటీ అన్నాను. మరుసటేడు నుంచి అందరూ తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నాన్నకొకటి, అత్తగారికొకటి, యాక్సిడెంట్లో పోయిన తమ్ముడికొకటి. గాలికి ఆరిపోకుండా గాజు సీసాల్లో. పుట్టి పట్టుమని ఒక్క రోజు కూడా ఉండని మా పిల్ల చుట్టూ ఎక్కడెక్కడి ముసలివాళ్ళూ చేరేవాళ్ళు. నాకు ఒక్కోసారి తోడుగా అనిపించేది, ఒక్కోసారి చిర్రెత్తుకొచ్చేది, నా పాపని నాకు వదలరేమని. మా ఆయన మాత్రం వెనక వరసలో, బైనాక్యులర్స్ జాకెట్ లోపల దాచుకుని నిలబడేవాడు. ఆమెన్ అనగానే గేటు వైపు నడిచేవాడు. ఆంటీలు చూసేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఈ ఏడాది శీతాకాలంలో ఆయన టీమ్ మొత్తాన్ని తీసేశారు. నేను పని చేసుకునేది కూడా ఆయన వీసా మీదే కాబట్టి ఇద్దరి బతుకూ ఆయన ఉద్యోగం మీదే ఉంది. ఎక్కడెక్కడో ఇంటర్వ్యూలయ్యాక చాండ్లర్‌లో దొరికింది. అరిజోనా ఎడారి. మే నెలాఖరుకి జాయినవ్వాలి. ఇంకో నెల అడగండి, ఇంకో చోట చూడండి అని నేనెంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. దొరికిందే దేవుడి దయ అన్నాడు. నిజమే, నాకూ తెలుసు. కానీ నా పిల్లని ఇక్కడ ఒక్కదాన్నే వదిలి ఎలా వెళ్ళను? తెనాలి ఆంటీ "మేమున్నాం కదమ్మా, ఏటా వస్తాం" అంది. ఏటా ఒకసారి. మరి శనివారాలో?

చివరి ఈస్టర్ కదా అని, పెయింట్ వేయకూడదు కదా అని, ఈసారి తెల్ల గులకరాళ్ళ బస్తా కొని రాయి చుట్టూ చాప అంత మేర పరిచాను. చీకట్లో కొవ్వొత్తుల వెలుగుకి మా ఊరు గుర్తొచ్చింది. తర్వాత వారం ముసలాయన బండి ఆపి, గడ్డి కోసే మిషన్‌లో రాళ్ళు పడితే ఎగిరి ఎవరికైనా తగులుతాయని, తీసెయ్యాలని మెల్లగా చెప్పాడు. సరే అన్నాను, తియ్యలేదు. మళ్ళీ చెప్పాడు. వచ్చే శనివారం తప్పకుండా అన్నాను.

ఆ వచ్చే శనివారమే బకెట్ పట్టుకుని రాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళ దగ్గరనుంచి ఒక పిట్ట కీచుమని అరుస్తూ లేచింది. గోధుమరంగు వీపు, తెల్ల పొట్ట, మెడకి రెండు నల్ల పట్టీలు, సన్నటి కాళ్ళు. ఆ అరుపు వినగానే నా గుండె గుభేలుమంది. అచ్చం తీతువు కూత. మా నాయనమ్మ తీతువు కూసిందంటే దుప్పటి తల మీదికి లాక్కునేది, ఎవరింట్లోనో చావు ఉందని. ఆ కూత నా పాప మీద కూయడమేంటి? బకెట్ విసిరి కొట్టబోయాను.

"కదలొద్దు! కాలు తియ్యొద్దు!" అని వెనకనుంచి కేక. ఈయన చెక్క గేటు దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి నా కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ షూ పక్కనే ఉన్నాయి, చూడు" అన్నాడు. తెల్ల రాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి పెట్టుకుని, నల్ల మచ్చలతో. గూడు లేదు, పుల్ల లేదు. ఉత్త రాళ్ళ మీద.

"కిల్డీర్. మన తీతువుకి చుట్టమే. కంకర కనపడితే చాలు, గుడ్లు పెట్టేస్తుంది. నువ్వు తెల్ల రాళ్ళు పోశావు కదా, దానికి బాగా నచ్చుంటుంది" అంటున్నాడు, గొంతు తగ్గించి, ముచ్చటపడిపోతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పాపని ఇక్కడ పెట్టాక ఒక్కసారి వచ్చారా మీరు ఇక్కడికి? ఒక్కసారి కూర్చున్నారా? కూతురి కోసం వంగని మోకాళ్ళు పిట్టగుడ్ల కోసం వంగాయా?" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. పాప రాయి ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. దాని వైపు చూడలేదు. "ముందు నువ్వు మెల్లగా కాలు తియ్యి" అని, లేచి, ఫెన్ వైపు కాకుండా కారు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట హారన్ అవసరం పడలేదు.

ముసలాయన చూసి తల గోక్కున్నాడు. పిట్ట గుడ్లు పెట్టాక చట్ట ప్రకారం ఎవరూ ముట్టుకోకూడదట. చుట్టూ నారింజ రంగు చిన్న జెండాలు గుచ్చి, పిల్లలు అయ్యేదాకా ఈ వరసలో మిషన్ రాదు, రాళ్ళు కూడా ఉండనీ అన్నాడు. అప్పుడు నాకు ఆ పిట్ట మీద కొంచెం కోపం తగ్గింది.

మళ్ళీ శనివారం ఈయన కారు డిక్కీలోంచి రెండు మడత కుర్చీలు తీశాడు. పిట్ట బెదరనంత దూరంలో, పక్క వరసలో వేశాడు. ఒకదాంట్లో తను కూర్చుని, రెండోది నా వైపు జరిపాడు. నేనూ కూర్చున్నాను. పిట్ట గునగున నడుచుకుంటూ వచ్చి, అటూ ఇటూ చూసి, గుడ్ల మీద సర్దుకుంది. దాని వెనక బారెడు దూరంలో పాప రాయి. ఆయన బైనాక్యులర్స్‌లో పిట్టని చూస్తున్నాడో, ఆ రాయిని చూస్తున్నాడో నాకు తెలియలేదు. అడగలేదు.

"రాత్రంతా తండ్రి కూర్చుంటాడట. పగలు ఎక్కువగా తల్లి" అన్నాడు.

"మరి పగలు ఆ తండ్రి ఏం చేస్తాడు? మెడలో బైనాక్యులర్స్ వేసుకుని తిరుగుతాడా?"

ఎత్తిపొడుపు తగిలింది, కానీ కోపం తెచ్చుకోలేదు. "దూరంగా ఉండి కాపలా కాస్తాడు" అన్నాడు.

ఇక నాకు ఆ గుడ్లే లోకమైపోయాయి. ఇల్లంతా అట్టపెట్టెలు, ఎక్కడ చూసినా టేపు, సగం సామాను అమ్మకానికి. నా ప్రాణం మాత్రం ఆ రాళ్ళ మీదే. రాత్రి వాన పడితే నిద్ర పట్టేది కాదు, గుడ్లు చల్లబడిపోతాయేమోనని. రాత్రిపూట తిరిగే రకూన్ జంతువులు తినేస్తాయంటే ఒకటే భయం. పనిరోజుల్లో కూడా పొద్దున్నే కారేసుకుని వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ప్రార్థనలో కూడా అదే అడిగాను. ప్రభువా, ఆ చోట ఒక్క పిల్లయినా ప్రాణంతో లేవాలి, అది నేను కళ్ళారా చూడాలి. చూస్తే ఇక్కడినుంచి కదలగలను, లేకపోతే నావల్ల కాదు. పిట్టగుడ్ల కోసం ప్రార్థన చేశానంటే ఎవరైనా నవ్వుతారని పాస్టర్ గారికి కూడా చెప్పలేదు. సోమవారం సామాను లారీ వస్తుంది. శనివారం ఆఖరిసారి.

ఆ శనివారం ఇంకా మంచు తెరలు వీడకముందే వెళ్ళాం. నేను కారు ఆగీ ఆగకముందే దిగాను. జెండాలు ఉన్నాయి, రాళ్ళు ఉన్నాయి. పిట్ట లేదు. గుడ్లు లేవు. చిన్న పెంకు ముక్క ఒకటి రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. నిన్న పొద్దున చూస్తే నాలుగూ ఉన్నాయి.

"పోయాయండీ" అన్నాను. "ఏదో తినేసింది. ఇవి కూడా పోయాయి."

ఆయన వచ్చి పెంకు ముక్క వేలితో తిప్పి చూశాడు. "తినలేదు. పిల్లలయ్యాయి. వెళ్ళిపోయాయి" అన్నాడు.

"ఎక్కడికి? నిన్నటికి గుడ్లే కదా. ఒక్క రోజులో ఎక్కడికి పోతాయి?"

ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. "ఇవంతే. పుట్టిన రోజే లేచి వెళ్ళిపోతాయి. ఒళ్ళు ఆరగానే తల్లిదండ్రుల వెంట నడిచిపోతాయి. మళ్ళీ ఇక్కడికి రావు."

నేను రాళ్ళ మీద కూలబడిపోయాను. అరికాళ్ళ నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్ని వారాలు పక్కన కూర్చుని అన్నీ చెప్పిన మనిషి ఈ ఒక్క ముక్క చెప్పలేదు. "ముందే ఎందుకు చెప్పలేదు మీరు?" అని అరిచాను.

"ఎలా చెప్పను?" అన్నాడు. "పుట్టిన రోజే వెళ్ళిపోతాయని నీకు నా నోటితో ఎలా చెప్పమంటావు?" అప్పుడు చూశాను, చాలా ఏళ్ళ తర్వాత, ఆయన ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే నా రెక్క పట్టుకుని లేపాడు. "పద. దూరం పోయుండవు. తడి పక్కకే తీసుకెళ్తాయి. పద చూద్దాం."

అలా మొదటిసారి ఆ చెక్క గేటు దాటాను. దాటగానే చలి మారింది. నేల అడుగునుంచి చల్లదనం కాళ్ళకి తగిలింది. నీళ్ళ మీద పలకలు పరిచిన సన్నటి దారి, రెండు పక్కలా మోకాలెత్తు పచ్చగడ్డి, అక్కడక్కడా గుత్తులుగా పసుపు పూలు. కంటికి ఆనినంత మేరా మనిషి లేడు. ప్రతి రెల్లు మొన మీదా ఒక నల్లపిట్ట, భుజాల మీద ఎర్ర మరకతో, రెక్కలు విప్పి కూస్తోంది. ఆయన ముందు నడుస్తూ వెనక్కి తిరక్కుండా మెల్లగా చెప్తున్నాడు. అది సెడ్జ్ రెన్, కనపడదు, వినాలంతే. అదిగో దిబ్బ మీద నీలంగా ఉన్నది బ్లూబర్డ్. చాలా ఏళ్ళు అన్నం ముందు వినీ విననట్టున్న పేర్లన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ ఎదురొస్తున్నాయి.

దూరంగా మంచులో రెండు పెద్ద బూడిదరంగు పక్షులు, నెత్తిన ఎర్రటి మచ్చ, మధ్యలో ఇటుకరంగు పిల్ల ఒకటి. ఆయన ఆగాడు. "అవే. ఆ రోజు చూసిన కొంగలు. అవే కాకపోవచ్చు, అప్పటివాటి పిల్లలో ఏవో" అన్నాడు. తర్వాత అన్నాడు: "ఆ రోజు నాకు నీ పక్కన నిలబడే ధైర్యం లేక ఇటొచ్చాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చాను. అవి భయపడి ఎగిరిపోలేదు. అది చెప్దామని వచ్చాను. కొంగలున్నాయని మాత్రమే చెప్పగలిగాను."

ఆయన జాకెట్ వెనక పట్టుకుని నడిచాను, పలకలు జారుతున్నాయని.

కంకర దిబ్బ దిగి, వాగు పక్కకి వచ్చామో లేదో ఆ అరుపు వినపడింది. తీతువు అరుపు. గుండె మళ్ళీ అదిరింది, ఈసారి భయంతో కాదు. మాకు పది అడుగుల ముందు పిట్ట నేల మీద పొర్లుతోంది. ఒక రెక్క పక్కకి వేలాడేసి, తోక విసనకర్రలా పరిచి, ఆయాసపడుతూ ఈడ్చుకుంటూ పోతోంది. "అయ్యో, దెబ్బ తగిలింది దానికి" అని నేను అటు పరిగెత్తబోయాను.

"ఏం తగల్లేదు. నటన" అన్నాడు. "మనం తన వెనక పడాలని. పిల్లలు ఇక్కడే ఎక్కడో ఉన్నాయి, రాళ్ళలో అణిగి కూర్చునుంటాయి. వాటి దగ్గర్నుంచి మనల్ని దూరంగా తీసుకుపోతోంది."

నేను అక్కడే నిలబడిపోయి రాళ్ళలోకి చూశాను. బూడిదరంగు రాళ్ళు, తెల్ల రాళ్ళు, ఎండు గడ్డి. ఒక్క అడుగు ముందుకేస్తే కనపడతాయి. ఒక్కదాన్ని చూస్తే చాలు. అదే కదా నేను అడిగింది. "ఒక్కసారి చూసి వచ్చేస్తానండీ" అన్నాను.

ఆయన వద్దనలేదు. బైనాక్యులర్స్ తీసి నా మెడలో వేశాడు. "చూడు. కానీ మనం ఇక్కడున్నంతసేపూ అది వాటి దగ్గరికి పోదు. చలిగా ఉంది. నిన్న పుట్టినవి, తల్లి పొట్ట కింద లేకపోతే తట్టుకోలేవు" అన్నాడు.

పిట్ట ఇంకొంచెం దూరంలో మళ్ళీ కూలబడింది. రెక్క నేలకి కొట్టుకుంటూ, మా వైపే చూస్తూ. ఒంట్లో ఏ లోటూ లేని పిట్ట, రెక్క విరిగిందని మమ్మల్ని నమ్మించడానికి అంత అవస్థ పడుతోంది. ఈయన ఇన్నేళ్ళూ సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేశాడు. లోపల అంతా విరిగిపోయి, ఏమీ కానట్టు బైనాక్యులర్స్ వేసుకుని తిరిగాడు. నేను నమ్మేశాను. పిల్లని మర్చిపోయాడని అనుకున్నాను. ఆయన్ని చూస్తే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకోలేదు. రాళ్ళ వైపు వీపు తిప్పి, ఆ పిట్ట ఎటు పొర్లుతుంటే అటు నడిచాను. నటన అని తెలిసీ దాని వెనకే వెళ్ళాను. ఆయన నా వెనక వచ్చాడు. అది మమ్మల్ని వాగు పక్కనుంచి మళ్ళీ దిబ్బ అవతలికి, సమాధుల తోట కంచె కనపడేదాకా తీసుకొచ్చింది. అక్కడ రెక్క ముడిచి లేచి నిలబడింది. ఒక్కసారి అరిచి, శుభ్రంగా ఎగిరి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. పిల్లల్ని నేను చూడలేదు.

ముసలాయనకి మాటిచ్చాను కాబట్టి బకెట్ తెచ్చి తెల్ల రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. చివరి గుప్పెడు రాళ్ళు పాప పేరు పక్కన ఉన్నాయి. వాటిని తీస్తుంటే ఆయన చెయ్యి రాతికి తగిలి ఆగిపోయింది. వేలి కొనతో అక్షరాల గుంటల్లో ఉన్న తెల్ల పెయింట్ తడిమాడు, ఒక్కో అక్షరం. కింద ఉన్న ఒక్క తేదీ దగ్గరికి వచ్చి అక్కడే ఉండిపోయాడు.

"నువ్వెళ్ళి కార్లో కూర్చో. నేను కాసేపు ఉండి వస్తా" అన్నాడు.

బకెట్ పట్టుకుని, మెడలో ఆయన బైనాక్యులర్స్‌తో కారు దగ్గరికి వచ్చాను. డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలోంచి చూశాను. చెట్టంత మనిషి, మూడో వరసలో, గడ్డి మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏం చెప్తున్నాడో నాకు వినపడదు, అది వాళ్ళిద్దరి మధ్య. ఎండెక్కింది. ఇంట్లో ఇంకా కట్టాల్సిన పెట్టెలున్నాయి, మధ్యాహ్నం సోఫా తీసుకెళ్ళడానికి ఎవరో వస్తామన్నారు, రెండుసార్లు ఫోన్ కూడా మోగింది. ఆయన లేవలేదు. నేను హారన్ కొట్టలేదు.